శుభలేఖలు అచ్చయ్యాక సలహా అడగొద్దు: పరాయి దేశంలో సంక్షోభం వస్తే మిత్రదేశంతో ఏ దారిలో మాట్లాడాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు ఓ పది మంది చేరతారు. గ్రూప్‌-1 మెయిన్స్ రాసేవాళ్లు, సివిల్స్‌కి చదివేవాళ్లు, విజయవాడ నుంచి ప్యాసింజర్ ఎక్కి వచ్చే ఇద్దరు డిగ్రీ పిల్లలు. అంతర్జాతీయ సంబంధాలు చెప్పించుకోవడానికే వస్తారు గానీ సగం సేపు మిరపకాయ బజ్జీల దగ్గరే అయిపోతుంది.

మొన్న వాళ్లకో ఆట పెట్టాను. పొరుగున ఒక దేశం, పేరు అనవసరం. రాత్రి పదకొండింటికి సైన్యం అధ్యక్ష భవనాన్ని చుట్టుముట్టింది. టీవీ ఆగిపోయింది, విమానాశ్రయం మూశారు. మీరు విదేశాంగ మంత్రి. మీకు నలుగురు మిత్రులున్నారు, నలుగురికీ ఆ దేశంతో ఏదో ఒక లంకె ఉంది. తెల్లారేలోగా వాళ్లతో ఎలా మాట్లాడతారు?

ఎనిమిది మందిది ఒకటే మాట: "అత్యవసర సమావేశం పెట్టేస్తాం సార్." ఒకడు ముందు ఉమ్మడి ప్రకటన వదలాలన్నాడు. ఒక అమ్మాయి మాత్రం, "వాళ్లని ఏం అడగాలో తేల్చుకున్నాక చెప్తాను" అంది. మిగతావాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ పది జవాబుల్లో మార్కులు వేయదగ్గది అదొక్కటే అనిపించింది. ఫోనా, దూతా, సమావేశమా, ప్రకటనా అని ఎంచుకునే ముందు తేలాల్సింది అదే మరి.

అడుగుతున్నామా, చెబుతున్నామా?

మన వైపు పెళ్లిళ్లలో మేనమామ సంగతి తెలిసిందే. సంబంధం చూస్తున్నప్పుడే వెళ్లి "ఏమంటావు మావయ్యా" అంటే ఆయన నాలుగు ఊళ్లు తిరిగి వివరాలు తెచ్చిపెడతాడు. శుభలేఖలు అచ్చయి వచ్చాక వెళ్లి అదే మాట అడిగితే కాఫీ తాగి "మంచిది" అంటాడు. పెళ్లికీ వస్తాడు. కానీ పందిట్లో ఓ మూల కూర్చుని వచ్చిన వాళ్లందరికీ తన బాధ చెప్పుకుంటూనే ఉంటాడు. అలాగని "మావయ్యా, ముహూర్తం పెట్టేసుకున్నాం, ముందుగా నీకే చెబుతున్నాం" అని వెళ్తే అంత నొచ్చుకోడు. ఆయన్ని బాధపెట్టేది నిర్ణయం కాదు, అడిగినట్టు నటించడం.

1962 అక్టోబరు 22న ప్యారిస్‌లో అచ్చం ఇదే సన్నివేశం నడిచింది. క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. నౌకలను అడ్డుకోవాలని అమెరికా అధ్యక్షుడు కెనెడీ అప్పటికే నిర్ణయించేశాడు, ఆ సాయంత్రమే దేశానికి చెప్పబోతున్నాడు. ఈలోగా మాజీ విదేశాంగ మంత్రి డీన్ అచెసన్‌ని ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ దగ్గరికి పంపాడు. నన్ను సంప్రదించడానికి వచ్చారా, నాకు తెలియజేయడానికి వచ్చారా అని డిగాల్ నేరుగా అడిగాడు. తెలియజేయడానికేనని అచెసన్ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. డిగాల్ అలగలేదు. తెచ్చిన ఫొటోలు చూడకముందే మద్దతు మాట ఇచ్చేశాడు. అమెరికా అంటే ఆయనకు ఎంత చిరాకో తెలిసినవాళ్లకు ఈ ఘట్టం విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

అదే సంక్షోభంలో టర్కీకి జరిగింది వేరు. క్యూబాలోవి సోవియట్‌లు తీసేస్తే, ఆ దేశంలో ఉన్న అమెరికన్ జూపిటర్ క్షిపణులను తీసేస్తామని కెనెడీ తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారికి గుట్టుగా మాటిచ్చాడు. ఎవరి నేల మీద ఆ క్షిపణులు ఉన్నాయో ఆ టర్కీకి ఈ బేరం సంగతే చెప్పలేదు. 1963 ఏప్రిల్ కల్లా క్షిపణులు వెళ్లిపోయాయి. ఒకే వారంలో ఒకే ప్రభుత్వం ఒక మిత్రుడితో అంత మర్యాదగా, ఇంకో మిత్రుడితో ఇలా. మిత్రదేశాలన్నిటికీ ఒకటే పీట వేస్తారని పరీక్షలో రాయకండి.

అడగడమంటే ఏమిటో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో తనకు తాను రాసిపెట్టుకుంది కూడా. 1956లో కెనడా, ఇటలీ, నార్వే విదేశాంగ మంత్రులు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. వాళ్లు పని మొదలుపెట్టాక, ఆ అక్టోబరులోనే బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్యారిస్ దగ్గర సేవ్ర్‌లో రహస్యంగా కూర్చుని ఈజిప్టు మీద దాడికి పథకం వేశాయి. అమెరికాకి చెప్పలేదు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఒళ్లు మండింది. పౌండు పడిపోతుంటే ఆదుకోను పొమ్మన్నాడు. బ్రిటన్ వెనక్కి తగ్గింది, 1957 జనవరిలో ప్రధాని ఈడెన్ రాజీనామా చేశాడు. మధ్యలో డిసెంబరులో వచ్చిన ముగ్గురు మంత్రుల నివేదిక చెప్పింది ఇది: అయిపోయిన నిర్ణయాన్ని చెవిన వేయడం సంప్రదింపు కాదు. ఎవరి వైఖరీ బిగుసుకోకముందే, ఆలోచన మొదలైన దశలోనే కలిసి మాట్లాడుకోవడం సంప్రదింపు. మేనమామ కూడా అనేది అదే.

ఫోన్

రాత్రి పదకొండింటికి మొదట చేతికొచ్చేది ఇదే. ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు కావాలంటే దీన్ని మించింది లేదు. మీ విమానాలు మా గగనతలం మీదుగా వెళ్తాయా? పారిపోయి వచ్చిన అధ్యక్షుడికి మీరు చోటిస్తున్నారా? ఔనా, కాదా?

1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటుకు దిగారు. అధ్యక్షుడు గయూమ్ సాయం కోరాడు. అదే రోజు రాత్రికల్లా మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి బయల్దేరి అక్కడ దిగారు. అప్పటి మన విదేశాంగ మంత్రి మన పీవీ నరసింహారావే. ఆ రోజు నలుగురిని పిలిచి సమావేశం పెట్టి ఉంటే, తీర్మానం టైపయ్యేలోపు మాలేలో కథ ముగిసిపోయేది. ఆ వేగం ఫోన్‌కే ఉంది.

కానీ ఫోన్‌లో బేరాలు పెట్టుకోకూడదని నా అభిప్రాయం. అవతలివాళ్లు "చూద్దాం" అంటారు. ఇవతలివాళ్లు "సరే అన్నారు" అని రాసుకుంటారు. మధ్యలో దుబాసీ ఉంటే ఇంకా కష్టం. పైగా ఇద్దరు పెద్దలు మాట్లాడుకున్నాక ఆ మాట తప్పని తేలితే సర్దిచెప్పడానికి ఇంకా పైన ఎవరూ ఉండరు. అందుకే అనుభవం ఉన్న శాఖలు ముందు రాయబారులతోనో విదేశాంగ కార్యదర్శులతోనో నీళ్ల లోతు చూసి, ఆ తర్వాతే పెద్దాయన చేతికి ఫోన్ ఇస్తాయి. టీవీలో "ఇద్దరు నేతల ఫోన్ సంభాషణ" అని స్క్రోలింగ్ వచ్చేసరికి అసలు పని సగం అయిపోయే ఉంటుంది.

మనిషిని పంపడం

ఆలస్యం అవుతుంది, ఖర్చూ ఎక్కువే. అయినా ఈ నాలుగింట్లో నాకు బాగా నచ్చేది ఇదే. మనిషి కాగితాలు తెస్తాడు, ఫొటోలు తెస్తాడు, అవతలివాళ్ల మొహం చూస్తాడు, అర్థం కాకపోతే అక్కడే మళ్లీ అడుగుతాడు. వచ్చిన మనిషి స్థాయిని బట్టే ఆ పనికి మీరెంత విలువిస్తున్నారో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. అచెసన్ అప్పటికి ఏ పదవిలోనూ లేడు, కానీ ఆయన గొంతుకు యూరప్‌లో ఉన్న బరువు వేరు.

మనవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలిసొచ్చింది 2022లో. ఫిబ్రవరి 24న యుక్రెయిన్ గగనతలం మూతపడింది. మా పక్క వీధిలో ఒకాయన కూతురు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండేది. ఆ వారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగినట్టే లేదు. మంత్రుల్ని ప్రత్యేక దూతలుగా పంపుతున్నారని వార్త రాగానే ఆయన నా దగ్గరికి వచ్చి, "యుద్ధం యుక్రెయిన్‌లో అయితే మంత్రులు హంగరీ ఎందుకు వెళ్తున్నారండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. హర్‌దీప్ పురి హంగరీకి, సింధియా రొమేనియా, మోల్డోవాలకి, కిరణ్ రిజిజు స్లొవేకియాకి, వీకే సింగ్ పోలండ్‌కి వెళ్లారు. పిల్లలు నడిచో, రైలెక్కో చేరాల్సింది ఆ సరిహద్దులకే. వీసా లేకుండా గేటు తీయించడం, చలిలో తల దాచుకునే చోటు, బస్సులు, విమానం నిలపడానికి చోటు, ఇవన్నీ ఆ దేశాలు ఒప్పుకుంటేనే అవుతాయి. ఢిల్లీలో కూర్చుని ఫోన్‌లో ఒక్కొక్కటీ అడుగుతూ పోతే తెమిలే పనులు కావు. అప్పటికే మోదీ అటు పుతిన్‌తో, ఇటు జెలెన్‌స్కీతో ఫోన్‌లో మాట్లాడారు. ఆ ఫోన్లు దారి ఇప్పించడానికి, ఈ మనుషులు ఆ దారి చివర నిలబడి పిల్లల్ని ఎక్కించుకోవడానికి. ఆపరేషన్ గంగలో 90 విమానాలు తిరిగాయి. మొత్తం 22,500 మంది దాకా యుక్రెయిన్ నుంచి ఇంటికి చేరారు. ఆ అమ్మాయి కూడా వచ్చింది.

దూతతో ఒక చిక్కుంది. వెళ్లిన మనిషికి మాటిచ్చే అధికారం ఉండాలి. ప్రతి దానికీ "పైన అడిగి చెప్తాను" అనే మనిషిని పంపేకన్నా ఫోనే నయం.

ఒప్పందంలో రాసుకున్న బల్ల

మా పిల్లలు ఎగబడింది దీని మీదే, అంటే అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే సమావేశం మీదే, అందుకని కొంచెం నిలబడి చూద్దాం.

నాటో ఒప్పందం మీద 1949 ఏప్రిల్ 4న సంతకాలయ్యాయి. అందులో 5వ అధికరణం అందరికీ తెలుసు, ఒకరి మీద దాడి అందరి మీదా దాడి అనేది. ఇప్పటిదాకా వాడింది 2001లో ఒక్కసారే. 4వ అధికరణం మాత్రం చాలాసార్లు వాడారు. తన భూభాగానికో, స్వాతంత్ర్యానికో, భద్రతకో ముప్పుందని ఏ సభ్యదేశం అనుకున్నా చాలు, అందరూ కూర్చుని మాట్లాడాలి. యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైన రోజే పోలండ్, రొమేనియా, బాల్టిక్ దేశాలు సహా 8 దేశాలు కలిసి దీన్ని కోరాయి. అందులో గట్టిదనం ఏమిటంటే, చిన్న దేశం అడిగినా పెద్ద దేశం రాకుండా తప్పించుకోలేదు. లిథువేనియా ఫోన్ చేస్తే వాషింగ్టన్‌లో ఎవరు ఎత్తుతారో చెప్పలేం గానీ, ఈ బల్ల దగ్గర మాత్రం దాని కుర్చీ దానికి ఉంటుంది.

అయితే కూర్చున్నంత మాత్రాన తేలుతుందని లేదు. నాటోలో ఓటింగ్ లేదు, అందరూ ఒప్పుకోవాలి. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం ముంచుకొస్తుంటే టర్కీ తన రక్షణ కోసం 4వ అధికరణం కింద అడిగింది. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం అడ్డుపడ్డాయి. ఇప్పుడే టర్కీకి రక్షణ ఏర్పాట్లంటే యుద్ధం ఖాయమని మనమే ఒప్పుకున్నట్టని వాటి వాదన. చివరికి ఫ్రాన్స్ సభ్యత్వం లేని ఇంకో కమిటీలోకి ఫైలు మార్చి గండం గట్టెక్కారు. తగాదా మాత్రం అప్పటికే ప్రపంచమంతా చూసింది. మిత్రుల మధ్య తేడాలుంటే బల్ల వాటిని తీర్చదు, లైటు వేసి చూపిస్తుంది.

మయన్మార్ విషయంలో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌దీ అదే అవస్థ. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. ఏప్రిల్ 24న జకార్తాలో నేతలు కూర్చుని ఐదు అంశాల మీద ఏకాభిప్రాయానికి వచ్చారు. హింస ఆపాలి, అన్ని పక్షాలూ మాట్లాడుకోవాలి, దూతను పంపాలి, ఇలా. ఆ బల్ల దగ్గర తిరుగుబాటు చేసిన సైన్యాధిపతి మిన్ ఆంగ్ లయింగ్ కూడా కూర్చున్నాడు. వెనక్కి వెళ్లాక హింస ఆగలేదు. సంక్షోభంలో ఉన్న దేశమే మీ కూటమిలో సభ్యురాలైతే ఈ దారి చాలా నెమ్మది, గుర్తుంచుకోండి.

మరి మనకు ఇలాంటి బల్ల ఉందా? ఢిల్లీ ఎవరితోనూ సైనిక కూటమి కట్టలేదు, "భాగస్వామి" అన్న మాటతోనే నెట్టుకొస్తుంది. కానీ 1971లో ఒకటి రాసుకుంది. ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్ సంతకం చేసిన మైత్రి ఒప్పందంలో 9వ అధికరణం అదే: ఇద్దరిలో ఎవరి మీద దాడి జరిగినా, జరిగే ముప్పున్నా వెంటనే సంప్రదించుకోవాలి. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు బెంగాల్‌లోకి పోటెత్తుతున్న రోజులవి. అక్టోబరులో సోవియట్ ఉప విదేశాంగ మంత్రి ఫిర్యూబిన్ ఢిల్లీ వచ్చాడు, ఆ అధికరణం పేరు చెప్పే చర్చలు జరిగాయి. డిసెంబరులో యుద్ధం వచ్చాక భద్రతా మండలిలో మనకు ఇబ్బందయ్యే తీర్మానాలను సోవియట్‌లు మూడుసార్లు వీటో చేశారు. ఒక్క వాక్యం వల్లే ఇదంతా అయిందనను. కానీ ఆ వాక్యం ఉండబట్టి ఫిర్యూబిన్ రాకకు వేరే సాకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. చూసేవాళ్లకు అందాల్సిన సంకేతమూ అందింది. బల్ల దగ్గరికి దూత వచ్చాడు కాబట్టి ఇది రెండు పద్ధతుల కలగలుపు. పరీక్షలో రాయడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ప్రకటన, చిన్న గుంపు

ఉమ్మడి ప్రకటన గురించి ఎక్కువ చెప్పను. అది సంప్రదింపు అయ్యాక వచ్చే కాగితం, సంప్రదింపు కాదు. మొదటి గంటలోనే వదిలితే తర్వాత మీ నోరు మీరే కట్టేసుకున్నట్టు. ఆ సైన్యాధిపతే రేపు మీ పిల్లల్ని విమానం ఎక్కనివ్వాల్సిన మనిషి కావచ్చు.

చిన్న గుంపు వేరు. పని చేసే గుంపు కావాలంటే గుంపులో ప్రతివాడికీ ఆ దేశంలో చెయ్యి పెట్టే శక్తి ఉండాలి. వెనిజువెలా కోసం 2017 ఆగస్టులో 12 దేశాలు లిమా బృందంగా కట్టుకట్టాయి. 2019లో వాటిలో చాలా దేశాలు ప్రతిపక్ష నేత గ్వైదోను తాత్కాలిక అధ్యక్షుడిగా గుర్తించాయి, మెక్సికో మాత్రం ఒప్పుకోలేదు. ప్రకటనలు బోలెడు వచ్చాయి, అధ్యక్షుడు మదురో కుర్చీ కదల్లేదు. తర్వాత ఒక్కో దేశంలో ప్రభుత్వం మారుతుంటే గుంపే కరిగిపోయింది. దానికి భిన్నంగా శ్రీలంక చూడండి. 2022 జులైలో అధ్యక్షుడు గొటబాయ పారిపోయాక అప్పుల లెక్క తేల్చడానికి 2023 ఏప్రిల్‌లో భారత్, జపాన్, ఫ్రాన్స్ ముందుండి రుణదాతలను ఒకచోట చేర్చాయి. అందులో ఉన్నవాళ్లందరికీ రావాల్సిన బాకీ ఉంది. బాకీ రావాల్సినవాడు మామూలుగా సమావేశం ఎగ్గొట్టడు. మన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులను అడగండి, ఈ మాట నాకన్నా బాగా చెబుతారు.

జేబు సంగతి ముందే మాట్లాడుకోండి

ఏ దారి ఎంచుకున్నా పిల్లలు మర్చిపోయే ప్రశ్న ఒకటుంది: దీనికయ్యే నష్టం ఎవరు భరిస్తారు? 1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక పాలన వచ్చింది. తప్పు పట్టడంలో మిత్రులందరిదీ దాదాపు ఒకే మాట. అమెరికా అధ్యక్షుడు రీగన్ మాత్రం ఆ కోపంలో సైబీరియా నుంచి పశ్చిమ యూరప్‌కి వేస్తున్న గ్యాస్ పైప్‌లైన్ పరికరాల మీద ఆంక్షలు పెట్టాడు. 1982 జూన్‌లో వాటిని యూరప్‌లోని అమెరికన్ అనుబంధ కంపెనీలకూ, అమెరికా లైసెన్సుతో పని చేసేవాటికీ విస్తరించాడు. ఉద్యోగాలు పోయేది యూరప్‌లో, గ్యాస్ ఆగేది యూరప్‌కి. రీగన్‌కి అంత దగ్గరైన బ్రిటన్ ప్రధాని థాచరే ఎదురు తిరిగింది. నవంబరులో ఆంక్షలు ఎత్తేశారు. పోలండ్ కోసం మొదలైన గొడవ ఏడాది తిరక్కుండానే మిత్రుల మధ్య గొడవైంది.

ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా వదిలి వచ్చిన వారం, యార్డులో రాజ్యాంగం గురించి ఎవరూ మాట్లాడలేదు. సరిహద్దులో లారీలు కదులుతున్నాయా అన్నదే ప్రశ్న. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కొన్నవాడి టెన్షన్ అది. ఏ మిత్రదేశంలోనైనా ఇలాంటి యార్డు ఒకటి ఉంటుంది, దాని పేరు తెలుసుకుని ఫోన్ ఎత్తండి.

నేనైతే

మా ఆటలో నా ఎంపిక ఇదీ. మన మనుషులు అక్కడ చిక్కుకుని ఉంటే మొదట ఫోన్, కానీ ఆ దేశానికి పొరుగున ఉన్న మిత్రుడికి, అడిగేదీ ఒక్కటే, దారి. రెండో రోజు అక్కడికే అధికారం ఉన్న ఒక మనిషి. మన మనుషులెవరూ లేరు, ఎవరిని గుర్తించాలన్నదే సమస్య అయితే అసలు తొందరే వద్దు. రాయబారుల స్థాయిలో నలుగురి మనసూ విడివిడిగా తెలుసుకోవాలి. ముగ్గురు ఒకవైపు ఉన్నారని తేలితేనే బల్ల దగ్గరికి వెళ్లాలి. లేదంటే 2003 మళ్లీ జరుగుతుంది. ముప్పు మన సరిహద్దు దాకా వచ్చి, మనం చిన్న దేశమైతే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి మొదటి రోజే ఒప్పందం చూపించి బల్ల వేయించాల్సిందే. అక్కడ బయటపడే తగాదా కన్నా ఒంటరిగా మిగిలిపోవడం ప్రమాదం. ఆంక్షల మాటొస్తే దూత, చేతిలో లెక్కల కాగితంతో.

ఇదంతా విన్నాక విజయవాడ కుర్రాడు ఒకడు అడిగాడు: "ముందే చెబితే వద్దంటారేమో, లీకవుతుందేమో అని భయం ఉంటే ఏం చేయాలి సార్?"

1983లో రీగన్‌కి వచ్చిన భయం అదే. అక్టోబరు 19న గ్రెనడా ప్రధాని మారిస్ బిషప్‌ని సొంత మనుషులే చంపేశారు. ఆ చిన్న ద్వీపం కామన్‌వెల్త్ దేశం, అప్పట్లో దాని రాణి బ్రిటన్ రాణే. అమెరికా సైన్యం దిగడానికి సిద్ధమైంది, లండన్‌కి మాత్రం గుట్టు విప్పలేదు. 24న బ్రిటన్ విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ పార్లమెంటులో నిలబడి అమెరికా దాడి చేస్తుందనుకోవడానికి తనకు కారణమేమీ కనిపించడం లేదన్నాడు. ఆ రాత్రి థాచర్‌కి కబురొచ్చింది, ఆమె వద్దంది. తెల్లారేసరికి సైన్యం దిగిపోయింది. 26న రీగన్ స్వయంగా ఫోన్ చేసి, లీకవుతుందన్న భయంతోనే చెప్పలేదని క్షమాపణ కోరాడు. ఆమె ముక్తసరిగా మాట్లాడింది. అవతల పార్లమెంటులో ఆ విషయం మీదే చర్చ నడుస్తోంది, తను వెళ్లాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.

కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే 24న హౌ లేచి నిలబడకముందైనా ఒక ముక్క చెప్పాల్సింది సార్" అన్నాడు. ఆఖరి రైలుకి టైమైందని పక్కవాడు లేపితే, చెప్పులు వేసుకుంటూ కూడా లీకవకుండా ఆ ముక్క ఎవరి చేత చెప్పించాలా అని వాడితో వాదిస్తూనే మెట్లు దిగాడు.